కూతకు కూడా ఒక గడి

తెలంగాణ రాష్ట్ర ప్రధాన ముఖ్య అటవీ సంరక్షణాధికారి గారికి, మహావీర్ హరిణ వనస్థలి జాతీయ ఉద్యానవనం అధికారులకు హయత్‌నగర్ నుంచి బహిరంగ లేఖ



హైదరాబాదు తూర్పు కొసన, విజయవాడ రహదారిని ఆనుకొని 14.59 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకున్న మహావీర్ హరిణ వనస్థలి పేరును బట్టి జింకల అడవి. వర్ధమాన మహావీరుడి 2500వ నిర్వాణ వార్షికోత్సవానికి గుర్తుగా 1975లో దీనికి ఆ పేరు పెట్టారు; 1994లో జాతీయ ఉద్యానవనం హోదా దక్కింది. పగటిపూట వచ్చే సందర్శకుడు చూసేది కృష్ణజింకలనే, పాఠశాల పిల్లలు ఇంటికి వెళ్లి చెప్పుకొనేది వాటి గురించే. అయితే పొద్దుగూకిన తర్వాత ఇక్కడ కంటికి అందేది క్షణక్షణానికీ తగ్గిపోతూ, చెవికి అందేది క్షణక్షణానికీ పెరిగే ముప్పావు గంట ఒకటి ఉంది. ఆ వేళలో అడవిలో ఏయే పక్షులు మెలకువగా ఉన్నాయో తెలుసుకోవడానికి వాటి కూతను గుర్తుపట్టడం తప్ప మరో దారి లేదు. ఆ దారిని ఈ ప్రాంతపు ప్రజలకు తెరవాలనీ, శాఖ రాసుకొనే పట్టికల్లో కంటితో చూసిన పక్షితో పాటు చెవితో విన్న పక్షికి కూడా ఒక గడి కేటాయించాలనీ కోరడానికే ఈ లేఖ.

పక్షిశాస్త్రంలో పక్షి చేసే ధ్వనులను స్థూలంగా పాట, పిలుపు అని రెండుగా విడదీస్తారు. జతను ఆకర్షించడానికో, తన హద్దును చాటుకోవడానికో ఎక్కువగా మగపక్షి ఒక క్రమంలో, దీర్ఘంగా చేసేది పాట. ప్రమాదాన్ని హెచ్చరించడానికి, గుంపు చెదరకుండా చూసుకోవడానికి, పిల్లలను దగ్గరకు రప్పించుకోవడానికి ఆడదీ మగదీ కూడా పొట్టిగా చేసేది పిలుపు. తెలుగు ఈ విభజన జోలికి పోలేదు గానీ, పక్షికొక క్రియను ఇచ్చింది: కోయిల కూస్తుంది, కాకి అరుస్తుంది, చిలుక పలుకుతుంది, పావురం కువకువలాడుతుంది, పిచ్చుక కిచకిచమంటుంది. సంస్కృతంలో కేక అంటేనే నెమలి కూత, కనుకనే నెమలికి కేకి అని పేరు. పేరే కూత నుంచి పుట్టిన పక్షులకైతే లెక్కలేదు. వేదపదాల వ్యుత్పత్తిని చర్చించిన నిరుక్తంలో యాస్కుడు, కాకం అన్న పేరు దాని అరుపును అనుకరించగా వచ్చిందనీ, పక్షుల పేర్లలో ఇలాంటి అనుకరణ విరివిగా కనిపిస్తుందనీ చెప్పాడు. ఔపమన్యవుడు ఆ వాదాన్ని ఒప్పుకోలేదని కూడా ఆయనే నమోదు చేశాడు. పండితుల వాదం ఎలా ఉన్నా, తీతువు అన్న మాటనూ, దానికి సంస్కృత రూపమైన టిట్టిభాన్నీ ఒకసారి పైకి పలికి చూస్తే, ఆ పేరు పెట్టినవారు పక్షిని చూసి కాక విని పెట్టారని తెలిసిపోతుంది. కూతతో పక్షిని గుర్తుపట్టడం ఈ నేలకు కొత్తగా దిగుమతి అయిన విద్య కాదు; అది మన భాషలోనే ఉండి, వాడుక తగ్గి మరుగున పడింది.

వినడానికి సాయంత్రం అనువైన వేళ కావడానికి భౌతిక కారణం ఉంది. పగలంతా ఎండకు నేల కాగి, దాన్ని అంటిపెట్టుకున్న గాలి వేడెక్కుతుంది. పైకి పోయేకొద్దీ గాలి చల్లగా ఉంటుంది. వేడి గాలిలో ధ్వని వేగంగా, చల్లని గాలిలో నెమ్మదిగా ప్రయాణిస్తుంది కాబట్టి, నేల మీద పుట్టిన కూత ముందుకు సాగేకొద్దీ పైకి వంగి, దూరాన నిలబడిన మనిషి తల మీదుగా దాటిపోతుంది. పొద్దు పడ్డాక, ముఖ్యంగా మబ్బు లేని శీతకాలపు సాయంత్రాల్లో, నేల గబగబా చల్లారి ఈ అమరిక తలకిందులవుతుంది: కింద చల్లని గాలి, దాని మీద వెచ్చని గాలి. దీన్నే ఉష్ణోగ్రతా విలోమం అంటారు. అప్పుడు పైకి పోబోయిన ధ్వని తిరిగి నేల వైపు వంగి, పగలు వినపడనంత దూరానికి చేరుతుంది. అదే సమయానికి గాలి కూడా పడిపోతుంది. పగటి పక్షులు గూళ్లకు చేరేముందు ఒకదాన్నొకటి పిలుచుకోవడం, రాత్రి పక్షులు లేచి తమ హద్దులను చాటుకోవడం ఈ వేళలోనే ఒకదానితో ఒకటి కలిసిపోతాయి.

హరిణ వనస్థలి వంటి దక్కను పొదల అడవిలో, అంటే పెద్ద చెట్లు తక్కువై, తుమ్మ, రేగు, సీతాఫలం వంటి పొదలూ, గడ్డినేలలూ, బండరాళ్లూ కలగలిసిన చోట, ఈ కూతలకు ఒక వరస ఉంటుంది. వరస తెలిస్తే సగం గుర్తింపు అయిపోయినట్టే. పొద్దు ఇంకా గుట్ట మీద ఉండగానే రామచిలుకల గుంపులు కీచుమంటూ తల మీదుగా దూసుకుపోతాయి. గోరింకలు ఒకే చెట్టు మీద చేరి, సంత ముగిసే వేళ బేరాల్లా గలగలమని, చీకటి పడగానే గభాలున ఆగిపోతాయి. తెలంగాణ రాష్ట్ర పక్షి అయిన పాలపిట్ట దసరా నాడు కంటపడితే శుభమని జనం వెతుక్కుంటారు గానీ, దాని గొంతు గరుకుగా, కప్ప బెకబెకకు దగ్గరగా ఉంటుందని ఎక్కువమంది గమనించి ఉండరు. పొదల్లోంచి కౌజులు మొదలుపెడతాయి. కౌజు అంటే కోడిపెట్ట కంటే చిన్నదై, నేల మీదే పరుగులు తీసే బూడిద రంగు పక్షి. మొదట రెండు మూడు పొడి అరుపులు వేసి, తర్వాత 'కతీల, కతీల, కతీల' అన్నట్టు మూడక్షరాల కూతను అంతకంతకూ హెచ్చించుకుంటూ పోతుంది. ఒక పొదలో అది మొదలైతే ఇంకో రెండు పొదలు బదులిస్తాయి. జెముడు కాకి మాత్రం ఎవరినీ తొందర పెట్టదు. ఇటుక రంగు రెక్కల ఈ నల్లని పక్షి కాకి కానే కాదు, కోయిల కుటుంబానిదే అయినా సొంతంగా గూడు కట్టుకొని తన పిల్లలను తానే సాకుతుంది. దాని 'కూప్, కూప్, కూప్' ఖాళీ కుండ మూతి దగ్గర నోరు పెట్టి ఊదినట్టు, లోతుగా, వరసగా వస్తుంది. నెమలి కేకకు వివరణ అవసరం లేదు.

పొద్దు పూర్తిగా దిగాక తీతువులు అందుకుంటాయి, ఇక్కడ కొంచెం నిలబడి వినాలి, ఎందుకంటే తీతువుల్లో రెండు రకాలున్నాయి. కంటి ముందు ఎర్రని కండతోలు, నల్లని రొమ్ము ఉన్నది ఒకటి. నీటి పక్కన, తడి నేలల దగ్గర ఎక్కువగా ఉంటుంది. కంటి ముందు పసుపు కండతోలు వేలాడేది ఇంకొకటి. నీరు దూరంగా ఉన్న ఎండు మైదానాలంటే దానికి ఇష్టం. వెలుతురులో ఈ రంగులే గుర్తు. చీకట్లో రంగు లేదు, గొంతు ఒక్కటే మిగులుతుంది. ఎర్రదాని గొంతు గట్టిది, నాలుగు విరుపులది: 'తీ-తీ-తీ-తువ్', చివరి అక్షరం బరువుగా దిగుతుంది, కలవరపడితే విరామం లేకుండా అదే పనిగా అరుస్తుంది. ఇంగ్లీషువాళ్లు ఇదే కూతను 'డిడ్ హీ డూ ఇట్' అని ప్రశ్నగా విన్నారు, ఆ ప్రశ్నే పుస్తకాల్లో స్థిరపడింది. మన పిల్లలు కూడా పుస్తకం చదివి, తమ చెవికి వినపడని ఇంగ్లీషు వాక్యాన్ని ఆ కూతలో వెతుక్కోవలసి వస్తోంది. పసుపుదాని గొంతు సన్నం; 'చీ-ఈత్' అని ఒక్క గీత గీసినట్టు పలికి ఊరుకుంటుంది. ఒక సాయంత్రం ఒకే చోట నిలబడి ఈ రెంటినీ విడదీయగలిగినవారు, తమ ముందు చీకట్లో తడి ఎక్కడుందో, పొడి నేల ఎక్కడుందో కూడా చెప్పగలుగుతారు. ఒక చెరువు పూడిపోతున్నదనీ, ఒక మైదానం మీదికి కట్టడాలు వస్తున్నాయనీ కొలత టేపుల కంటే ముందు చెప్పగల సాక్ష్యం ఇది.

తీతువుల వెనకే పైడికంటి లేస్తుంది. పైడి అంటే బంగారం. పసుపుపచ్చని గుండ్రని కళ్లున్న ఈ పిడికెడు గూబకు తెలుగు పెట్టిన పేరు అంత ముచ్చటైనది. వేప, మర్రి, రావి వంటి పాత చెట్ల తొర్రల్లోనూ, పాత గోడల సందుల్లోనూ కాపురముంటుంది కనుక హయత్‌నగర్ వీధుల్లో సైతం ఒక్క పాత చెట్టు మిగిలి ఉంటే చాలు, అది ఉండే అవకాశం ఉంటుంది. తొర్ర అంచు మీదికి వచ్చి, తలను పైకీ కిందికీ రెండు మూడుసార్లు ఊపి, ఎదుటి వస్తువు ఎంత దూరంలో ఉందో కొలుచుకుంటుంది. తర్వాత 'చిర్ర్, చిర్ర్, చిర్ర్' అని గీకి, చివర 'చీవక్, చీవక్' అని రెండుగా విరుస్తుంది. జంట ఉంటే రెండో గొంతు దాని మీద పడి, పోట్లాటలా వినిపిస్తుంది. కొత్తగా వినేవారు దీన్ని కోతి అరుపు అనో, పిల్లుల జగడమనో పొరబడుతుంటారు. ఆ తర్వాత ఆకాశంలోంచి 'వాక్' అన్న ఒక్క మాట వినిపిస్తే అది రాత్రి కొంగ: పగలంతా చెట్టులో ముడుచుకొని, చీకట్లో చెరువుల వైపు వేటకు పోయేది. పేరులోనే బాతులున్న హయత్‌నగర్ బాతుల చెరువు వంటి చోట్ల, ఈల వేసినట్టు రెండక్షరాలు పలుకుతూ మసక చీకట్లో మేతకు ఎగిరే చిన్న బాతుల కోసం కూడా చెవి ఒగ్గాలి; ఇంగ్లీషులో వాటికి విజిలింగ్ డక్ అన్న పేరు ఆ ఈల వల్లే వచ్చింది.

అన్నిటికంటే చివర వచ్చేది, చాలా తక్కువమందికి తెలిసినది నైట్‌జార్. ఎండుటాకుల రంగులో ఉండి, పగలు నేల మీదే పడుకొని, అడుగు దూరంలో కాలు పడినా కదలని పిట్ట ఇది. పట్టపగలు దానిని చూడటం అదృష్టం మీద ఆధారపడింది. సాయంత్రం వినడం మాత్రం ఓపిక మీదే ఆధారపడింది. దాని కూతను వర్ణించడానికి పాశ్చాత్య పుస్తకాలు గట్టి నేల మీద వదిలిన పింగ్‌పాంగ్ బంతిని ఉపమానంగా తెస్తాయి. తెలుగు పిల్లలకైతే గచ్చు మీద జారవిడిచిన గోలీ చాలు. మొదటి గంతుకూ రెండో గంతుకూ మధ్య బాగా ఎడం, తర్వాత ఎడం తగ్గుతూ తగ్గుతూ చివరకు టకటకమని వణికి ఆగిపోవడం: 'చుక్... చుక్... చుక్, చుక్, చుక్ర్ర్ర్'. పొదల అడవులకు చెందిన ఇంకో రకం నైట్‌జార్ ఉంది. అది గోలీని వదలదు, ఎగురుతూ 'చ్వీప్' అని కొరడా ఝళిపించినట్టు ఒక్కసారి పలుకుతుంది. నైట్‌జార్ నోరు చిన్నదిగా కనిపించినా తెరిస్తే కళ్ల కింది దాకా చీలుతుంది. ఆ నోటితో ఎగిరే పురుగులను గాల్లోనే పట్టుకుంటుంది. యూరపులో ఇది రాత్రిపూట మేకల పాలు తాగుతుందని నమ్మేవారు, దాని శాస్త్రీయ నామమైన కాప్రిమల్గస్ అన్న మాటకు అర్థం మేకపాలు పిండేది అనే. అమాయక ప్రాణుల మీద ఇలాంటి నిందలు మోపడం ఒక్క దేశానికి పరిమితమైన పని కాదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఈ నిందల సంగతి మన దగ్గర మరీ ఎక్కువ. తీతువు కూస్తే చావు కబురు వస్తుందంటారు. ఇంటి మీద గుడ్లగూబ కూస్తే కీడంటారు. తెల్లని ముఖంతో, చీకట్లో బొంగురుగా కీచుమనే ఒక గూబకు చావుపిట్ట అనే పేరే పెట్టారు. ఈ నమ్మకం ఎలా పుట్టి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. రోజంతా పనిచేసి అలసిన ఇంట్లో అర్ధరాత్రి మేలుకొని ఉండేది మంచాన పడ్డ మనిషి పక్కన కాపలా కూర్చున్నవారే. మిగిలిన రాత్రుల్లోనూ ఆ కూత ఉంది, వినడానికి మెలకువ లేదు. తెల్లవారితే జరిగిన నష్టానికీ, రాత్రి విన్న కూతకూ ముడిపెట్టడం దుఃఖంలో ఉన్న మనసు చేసే పని. నిజానికి ఆ చావుపిట్ట ప్రధాన ఆహారం ఎలుకలు. బండరాళ్ల మధ్య ఉండి, మొదటిది పొట్టిగా, రెండోది దీర్ఘంగా 'బూ, బోఓ' అని పలికే పెద్ద కొమ్ము గుడ్లగూబ కూడా పొలాల ఎలుకలను విస్తారంగా తింటుంది. హయత్‌నగర్‌లోనే కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థకు పరిశోధనా క్షేత్రం ఉంది. వానాధార పంటల మీద పని జరిగే అలాంటి నేలలకు ఈ గూబలు చేసే మేలు ఇంతని చెప్పలేనిది. ఒక పిల్లకు చీకట్లో వినపడిన కూతకు పేరు చెప్పి, దాని కడుపులో ఎలుక ఎముకలు ఉంటాయని చెబితే, భయం ఉండవలసిన చోట కుతూహలం వస్తుంది, తొర్రలోకి రాయి విసిరే చేయి ఆగుతుంది. శాఖవారు ఎన్ని అవగాహన పోస్టర్లు అచ్చు వేసినా, ఒక్క సాయంత్రం విన్నదానితో అవి సాటిరావు.

అయితే వినడానికి కావలసిన నిశ్శబ్దం ఈ ప్రాంతంలో రోజురోజుకూ తరిగిపోతోంది. గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి హయత్ బక్షీ బేగం పేరు మీద వెలసిన హయత్‌నగర్, ఆనాటి నుంచీ గోల్కొండను మచిలీపట్నం రేవుతో కలిపే దారి మీది ఊరే. పాత మసీదు, దాని పక్కన ఏనుగుల బావి ఆ రాకపోకలకు సాక్షులు. ఆ దారి మీద ఇప్పుడు లారీలు, బస్సులు రాత్రీ పగలూ నడుస్తున్నాయి. 2018లో మెట్రో ఎల్బీనగర్ దాకా వచ్చాక ఈ తూర్పు శివారు మరింత వేగంగా పెరిగింది. ఇక్కడే ఒక చిక్కు ఉంది: కూతను దూరానికి మోసుకుపోయే ఆ సాయంత్రపు గాలి పొరలే రహదారి హోరును కూడా అడవి లోపలికి మోసుకుపోతాయి. పైగా వాహనాల హోరులో ఎక్కువ భాగం తక్కువ పౌనఃపున్యానిది. పౌనఃపున్యం అంటే ధ్వని ఒక సెకనులో ఎన్నిసార్లు కంపిస్తుందో ఆ లెక్క, కంపనాలు తక్కువైతే గొంతు బొంగురుగా, ఎక్కువైతే సన్నగా వినిపిస్తుంది. కాబట్టి హోరు పెరిగినప్పుడు మొదట మునిగిపోయేవి బొంగురు గొంతులు, అంటే కొమ్ము గుడ్లగూబ, జెముడు కాకి. తీతువు సన్నని గొంతు దాని మీదుగా తేలి వినిపిస్తూనే ఉంటుంది. రహదారి వైపు గోడ దగ్గర నిలబడి విన్నవారు గుడ్లగూబలు లేవని రాసుకుంటే, అది పక్షులు లేకపోవడమా, వినపడకపోవడమా అన్నది తేల్చుకోవాలి; అందుకు ప్రతి సాయంత్రం పక్షులతో పాటు హోరును కూడా రాసుకోవాలి.

హోరు పక్షులను ఎలా మారుస్తుందో ఇతర దేశాల్లో నిరూపితమైంది. నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో హోరు ఎక్కువగా ఉన్న వీధుల్లోని గ్రేట్ టిట్ అనే చిన్న పిట్టలు, నిశ్శబ్దమైన వీధుల్లోని తమ జాతి పిట్టల కంటే హెచ్చు శ్రుతిలో పాడుతున్నాయని స్లబ్బెకూర్న్, పేట్ అనే శాస్త్రవేత్తలు 2003లో ప్రకటించారు. 2020లో కోవిడ్ కారణంగా వాహనాలు ఆగిపోయినప్పుడు, శాన్‌ఫ్రాన్సిస్కో తీరంలో ఒక జాతి పిచ్చుకలు గొంతు తగ్గించి, అదివరకు హోరులో పనికిరాని తక్కువ శ్రుతులను కూడా తిరిగి వాడటం మొదలుపెట్టాయని మరో పరిశోధన తేల్చింది. హైదరాబాదులో ఆ నెలల్లో విన్నవారు ఎందరో ఉంటారు, రాసిపెట్టిన పట్టిక మాత్రం కావలసినంత లేదు. మళ్లీ అటువంటి అవకాశం రావాలని ఎవరూ కోరుకోరు. ఇప్పటి హోరుతోనే ఇప్పటి కూతలను రాసుకోవడం మొదలుపెడితే, పదేళ్ల తర్వాతి మార్పును కొలవడానికి ఒక ఆధారం ఉంటుంది.

కూతను పట్టి ఉంచే సాధనాల చరిత్ర పొడవైనదే. లుడ్విగ్ కోచ్ అనే జర్మన్ బాలుడు 1889లో ఎనిమిదేళ్ల వయసులో తన ఇంట్లో పెంచుతున్న షామా అనే పక్షి గొంతును మైనపు స్థూపం మీద నమోదు చేశాడు. ఇప్పటికి తెలిసినంతలో అదే మొదటి పక్షి ధ్వనిముద్రణ, ఆ షామా మన దేశపు అడవుల్లోనూ నివసించే జాతి. సలీం అలీ 1931-32లో నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేసి, దాని ఫలితాలను బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో 1933-34లో ప్రచురించారు. ఆ సర్వే ఈ నేల పక్షులకు తొలి పెద్ద జాబితా. 1980లో ఆంధ్రప్రదేశ్ బర్డ్‌వాచర్స్ సొసైటీగా మొదలై ఇప్పుడు దక్కన్ బర్డర్స్‌గా పనిచేస్తున్న బృందం నగరంలో పక్షి పరిశీలనను ఒక అలవాటుగా నిలిపింది. ఇక 2021 నుంచి అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయపు పక్షిశాస్త్ర ప్రయోగశాల వారి మెర్లిన్ యాప్, ఫోను విన్న కూతను బొమ్మగా మార్చి పక్షి పేరు సూచిస్తోంది. కాలం అడ్డంగా, శ్రుతి నిలువుగా, గట్టితనం నలుపుగా గీసే ఆ బొమ్మను స్పెక్ట్రోగ్రామ్ అంటారు. గోలీ గంతులు అందులో దగ్గరపడే చుక్కల్లా, తీతువు విరుపులు మెట్లలా కనిపిస్తాయి. యాప్ మంచి తోడు గానీ, సాక్షి కాదు. లారీ హారన్, కీచురాళ్ల మోత, వానకాలపు కప్పల బెకబెకలు ఒకటై వచ్చినప్పుడు అది తడబడుతుంది. దూరాన ఉన్న గుడ్లగూబ బొంగురు గొంతును ఫోను అసలు పట్టుకోకపోవచ్చు. ఫోను చెప్పిన పేరును చెవి ఒప్పుకున్నాకే పట్టికలోకి ఎక్కించాలి.

ఈ నేపథ్యంలో శాఖవారిని కోరేవి పెద్ద ఖర్చుతో కూడుకున్నవి కావు. ఉద్యానవనం సందర్శన వేళలు పగటికే పరిమితం కావడం సబబే, వన్యప్రాణి సంరక్షణ చట్టం స్ఫూర్తి కూడా అదే. లోపలి దారులను రాత్రిపూట తెరవమని ఎవరూ అడగడం లేదు. రహదారికి దూరంగా ఉన్న హద్దు గోడ పక్కన ఏదో ఒక చోటును ఎంచి, నెలకు రెండు సాయంత్రాలు, పదిమందికి మించకుండా, బీటు గార్డు తోడుగా, సూర్యాస్తమయం నుంచి ముప్పావు గంటసేపు కదలకుండా నిలబడి వినడానికి అనుమతిస్తే చాలు. టార్చిలైట్లు వద్దు. రికార్డు చేసిన కూతను వినిపించి పక్షిని బయటికి రప్పించే పద్ధతిని పూర్తిగా నిషేధించాలి; తన హద్దులోకి శత్రువు వచ్చిందనుకొని గూడు వదిలి పోట్లాటకు వచ్చే పక్షికి ఆ మోసం వల్ల జరిగే నష్టం, ఫొటో తీసుకొన్నవారికి కలిగే సంతోషం కంటే చాలా పెద్దది. ఇలాంటి వినికిడిలో చూపు లేని పిల్లలు మిగతావారితో సమానంగా, తరచు వారికంటే ముందుగా పాల్గొనగలరు. మొదటి పదిమందిలో వారికి చోటివ్వడం శాఖకు గౌరవం.

ద్వారం దగ్గర పెట్టే బోర్డుల మీద పక్షుల పేర్లను తెలుగులో, కూతలను తెలుగు అక్షరాల్లో రాయించాలి. కౌజు, పైడికంటి, తీతువు, జెముడు కాకి అన్న పేర్లు ఇంకా జనం నోళ్లలో ఉన్నాయి. రెండు తరాల తర్వాత ఉంటాయన్న పూచీ లేదు. ఈ పేర్లకూ, కూతలకూ అసలు పండితులు బీటు గార్డులే. రాత్రి గస్తీలో ఏ గుట్ట మీద ఏ గూబ కూస్తుందో, ఏ నెలలో ఏ కూత మొదలవుతుందో వారికి తెలిసినంతగా పట్టభద్రులకు కూడా తెలియదు. వారికి తెలిసినది వారి పదవీ విరమణతో పాటు పోకుండా ఉండాలంటే, గస్తీ పుస్తకంలో 'కనబడినవి' అన్న గడి పక్కనే 'వినబడినవి' అన్న గడి రావాలి. ప్రపంచవ్యాప్తంగా పక్షుల జాబితాలు పోగుచేసే ఈబర్డ్ వేదిక కూడా విన్న పక్షిని చూసిన పక్షితో సమానంగా లెక్కిస్తుంది, కనుక ఈ నమోదు శాస్త్రీయతకు లోటు తెచ్చేది కాదు.

ఆ గడిలో ఏం రాయాలన్నది కూడా ఇప్పుడే నిర్ణయించుకోవడం మంచిది. హైదరాబాదులో నవంబరు చివర సూర్యుడు సాయంత్రం 5.40 ప్రాంతంలోనే దిగిపోతాడు, జూన్ చివరకు వచ్చేసరికి 6.50 దాటుతుంది, గంటకు పైగా తేడా ఉన్నప్పుడు గడియారపు సమయం పక్షికి అర్థం లేనిది. కాబట్టి సూర్యాస్తమయం తర్వాత ఎన్నో నిమిషంలో విన్నారో అది రాయాలి. తేదీ, గాలి, మబ్బు, రహదారి హోరు తక్కువా ఎక్కువా, కూత వచ్చిన దిక్కు, ఎన్ని గొంతులు, కూత తెలుగు అక్షరాల్లో ఎలా వినిపించింది, పేరు మీద ఎంత నమ్మకం అన్నవి తర్వాత. పేరు తెలియకపోతే ఆ గడిని ఖాళీగా వదిలి, అక్షరాలు మాత్రం తప్పక రాయాలి. పక్షి పేరును మరొకరు తర్వాతైనా పూరించవచ్చు, వినని కూతను ఎవరూ పూరించలేరు. శీతకాలంలో గాలి పడిపోయి, కొమ్ము గుడ్లగూబలు తమ హద్దుల కోసం గట్టిగా పలికే నెలలు ఆరంభానికి అనువైనవి. వచ్చే నవంబరులో ఒక మబ్బు లేని సాయంత్రం హరిణ వనస్థలి గోడ పక్కన మొదటి పుట తెరిచేందుకు శాఖవారు అనుమతిస్తారని హయత్‌నగర్, వనస్థలిపురం, ఎల్బీనగర్ ప్రజలు ఎదురుచూస్తున్నారు. ఆ పుటలో మొదటి వరస బహుశా తీతువుది అవుతుంది. ఎర్రదా, పసుపుదా అన్నది ఆ సాయంత్రం వినే చెవులే తేల్చాలి.

విన్నవించుకుంటూ,
హయత్‌నగర్ పౌరుడు ఒకరు